చింతగింజలతో లెక్కలు

చింతపండు కొట్టే రోజుల్లో వాకిట్లో గింజలు కుప్ప పడతాయి. వాటిలోంచి 70 గింజలు ఏరి పక్కన పెట్టండి. ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే పనికొస్తాయి.

వామన గుంటల ఆట చాలామంది ఆడవాళ్లకు తెలుసు. ఓమన గుంటలు అని కూడా అంటారు. పనులు తీరాక మధ్యాహ్నం పూట అమ్మమ్మలు, నాయనమ్మలు ఆడేవారు. వరసకు 7 చొప్పున రెండు వరసలు. మొత్తం 14 గుంటలు. కొందరి ఇళ్లలో చెక్కపీట ఉంటుంది. పీట లేకపోతే నేల మీద గుంటలు తవ్వుకోవచ్చు. సిమెంటు గచ్చయితే సుద్దముక్కతో 14 సున్నాలు గీస్తే చాలు. తమిళనాడులో దీన్ని పల్లాంగుళి అంటారు. ఆఫ్రికా దేశాల్లో కూడా ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి.

"నాకు చదవడం, రాయడం ఈ మధ్యనే వచ్చింది. నాలుగో తరగతి లెక్కలు నేనేం చెప్తాను?" అని చాలామంది తల్లులు అనుకుంటారు. పిల్లకేమో భాగహారం రాదు. లెక్కల పీరియడ్ అంటే భయం. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఐదో రోజు, "చేనికి తోడు రానీలే" అంటారు. ఆడపిల్లల చదువు ఇలా కూడా ఆగిపోతుంది.

నిజానికి ఆ తల్లికి భాగహారం వచ్చు. దాని పేరు భాగహారం అని తెలియదు, అంతే.

ఎలాగో చూడండి. తల్లి, కూతురు ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరి ముందున్న వరస వారిది. గుంటకు 5 గింజలు పెట్టాలి. ఆ పని కూతురికే వదిలేయాలి. ఒక గుంటకు 5, రెండు గుంటలకు 10, మూడు గుంటలకు 15. ఐదేళ్ల ముప్పై ఐదు దగ్గరికి వచ్చేసరికి ఒక వరస నిండుతుంది. రెండు వరసలకు 70. అయిదో ఎక్కం చేత్తో పెట్టినట్టయింది.

ఇక ఆట. మన వరసలో ఒక గుంటలోని గింజలన్నీ తీయాలి. పక్క గుంట నుంచి ఒక్కొక్కటి వేసుకుంటూ చుట్టూ పోవాలి. చేతిలో గింజలు అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ వేయాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే ఆగాలి. ఆ ఖాళీ గుంట దాటాక ఉన్న గుంటలోని గింజలు మనకు వస్తాయి. అది కూడా ఖాళీ అయితే ఏమీ రావు. తరువాత ఎదుటివారి వంతు. ఒక వైపు గుంటలన్నీ ఖాళీ అయితే ఆట ముగుస్తుంది. రెండో వైపు మిగిలిన గింజలు ఆ వైపు వారివే. ఊరిని బట్టి నియమాలు కొంచెం మారతాయి. మీ ఊరి పద్ధతిలో ఆడినా లెక్క ఉంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. అన్ని గుంటల్లో 5 గింజలు ఉన్నప్పుడు, మొదటి వంతు ఏ గుంట నుంచి మొదలుపెట్టినా సరే, చివరికి 7 గింజలే వస్తాయి. పిల్లలు నమ్మరు. ఒక్కో గుంట నుంచి వేసి చూడమనండి. సాయంత్రమంతా లెక్కపెడతారు.

అసలు పాఠం మొదటి ఆట అయ్యాక మొదలవుతుంది. కూతురికి 38 గింజలు వచ్చాయనుకోండి.

"మరి నాకెన్ని వచ్చుంటాయే?" అని తల్లి అడగాలి.

"ఉండమ్మా, లెక్కపెడతా."

"లెక్కపెట్టకుండా చెప్పు. మొత్తం 70 కదా."

70లో 38 పోతే 32. అది తీసివేత. ఇప్పుడు ఎవరి గింజలతో వారు మళ్లీ గుంటకు 5 చొప్పున నింపుకోవాలి. కూతురి 38 గింజలతో 7 గుంటలు నిండుతాయి. 3 మిగులుతాయి. తల్లి 32 గింజలతో 6 గుంటలే నిండుతాయి. 2 మిగులుతాయి. ఏడో గుంట ఖాళీ. రెండో ఆటలో ఆ గుంటను వాడకూడదు.

బడిలో చెప్పే భాగహారం ఇదే. 38ని 5తో భాగిస్తే భాగఫలం 7, శేషం 3. ఆ మాటలు పిల్లనే చెప్పమనండి. పలక మీద రాయించండి. పక్కనే మీరూ రాయండి. గింజలు ముందు, అంకెలు తరువాత. అంకెలతో మొదలుపెడితే భయం మళ్లీ వస్తుంది.

పిల్ల తప్పు గుంట తీస్తే తీయనివ్వండి. వెంటనే చెప్పకండి. తీయకముందు మాత్రం, "ఎక్కడ ఆగుతావు?" అని అడగండి. కళ్లతోనే గుంటలు లెక్కపెట్టడం అలవాటవుతుంది. కావాలని ఓడిపోకండి. పిల్లలు ఇట్టే కనిపెడతారు. పాకే పిల్లలుంటే గింజలు అందకుండా చూడాలి. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

పులి-మేక ఆట కూడా మంచిదే. అందులో 3 పులులు, 15 మేకలు. ఒంటరి మేకను పులి దూకి చంపుతుంది. వెనక ఇంకో మేక ఉంటే దూకలేదు. ఆలోచన పెరుగుతుంది గానీ, ఎక్కాలకు, భాగహారానికి వామన గుంటలే మేలు.

ఆటలతో లెక్కలు నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానంలో కూడా రాశారు. కాబట్టి, "పిల్లతో ఆటలేంటి?" అని ఇంట్లో ఎవరైనా అంటే పలక చూపించండి.

చేసి చూడండి

1. గుంటకు 4 గింజలు పెడితే 14 గుంటలకు ఎన్ని కావాలి?

2. అలా పెట్టి మొదటి వంతు ఆడండి. ఎన్ని గింజలు వచ్చాయి?

3. ఒకరికి 41 గింజలు వచ్చాయి. గుంటకు 5 చొప్పున ఎన్ని గుంటలు నిండుతాయి? తన 7 గుంటలు నింపాక ఎన్ని మిగులుతాయి?

4. మీ ఊళ్లో ఈ ఆట నియమాలు ఎలా ఉన్నాయో పెద్దవాళ్లను అడిగి అయిదు వాక్యాలు రాయండి.