ఆరుబయటికి ఏ కత్తి?
ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ బ్లేడ్ గురించే. అంటే మడత పడని ఫ్యాక్టరీ కత్తి. ఎక్కువమంది అడిగిన అయిదు ప్రశ్నలకు ఇవీ జవాబులు.

ప్రశ్న: సెలవుల్లో మిత్రులతో చెరువు గట్లకు, గుట్టలకు వెళ్తుంటాను. అక్కడే వండుకుంటాం. ఒక్క మంచి కత్తి కొని పదేళ్ళు వాడుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో చూస్తే లెక్కలేనన్ని రకాలు. మీరైతే ఏది కొంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మోరా కంపానియన్. స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో తయారవుతుంది. బ్లేడు పొడవు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు. ఆరుబయట కత్తి అనగానే చెట్లు నరకడమే గుర్తొస్తుంది గానీ, అక్కడ మీరు చేసే పనులేమిటి? ఉల్లిగడ్డలు కోస్తారు, చేపను శుభ్రం చేస్తారు, తాడు తెంపుతారు, పొయ్యిలోకి పుల్లలు చెక్కుతారు. వీటన్నిటికీ పలుచని చిన్న బ్లేడే చురుకు. మందపు బ్లేడు కింద ఉల్లిగడ్డ తెగదు, పగులుతుంది. పిడికి రబ్బరు పట్టు ఉండటంతో చెయ్యి చెమర్చినా జారదు.

ఇదే కత్తి కార్బన్ స్టీలులోనూ దొరుకుతుంది. అది సానకు తొందరగా లొంగుతుంది. కానీ మన వానాకాలంలో తడిసిన ఒరలో ఒక్క రాత్రి ఉంటే తెల్లారేసరికి తుప్పు చుక్కలు లేస్తాయి. మామిడికాయ కోసి తుడవడం మరిచిపోతే బ్లేడు నల్లబడుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ తీసుకోండి.

కంపానియన్‌కు ఒక లోపం ఉంది. బ్లేడు ఇనుము పిడి చివరిదాకా వెళ్ళదు. మొద్దు మీద ఆనించి పైనుంచి కట్టెతో బాదే పనికి ఇది కాదు. ఆ పనీ కావాలంటే అదే కంపెనీ గార్బెర్గ్ ఉంది. మందం 3.2 మిల్లీమీటర్లు, ఇనుము పిడి చివరిదాకా ఉంటుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. మీరు రాసినదాన్ని బట్టి మీకు అంత అవసరం కనిపించడం లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో కమ్మరి లారీ కమాన్ పట్టీతో కత్తి చేసిస్తే మా నాన్న ముప్పై ఏళ్ళు వాడిండు. ఇంకా ఫ్యాక్టరీ కత్తి ఎందుకు?
— ఒక రైతు, నర్సంపేట

జవాబు: కొమ్మ కొట్టాలన్నా, కంచె సాపు చేయాలన్నా ఆ కత్తే మేలు. కమాన్ పట్టీ స్ప్రింగు ఉక్కు, దెబ్బకు ఓర్చుకుంటుంది. అసలు మంచి ఉక్కు మనకు పరాయిదేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు.

పలుచని చిన్న కత్తి దగ్గరే తేడా వస్తుంది. ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరిచేటప్పుడు, మళ్ళీ సన్నగా వేడిచేసి పెళుసుదనం తీసేటప్పుడు కమ్మరి నిప్పు రంగు చూసి అంచనా వేస్తాడు. మందపు కత్తిలో ఆ అంచనా కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది. పలుచని అంచులో చెల్లదు. గట్టిదనం ఎక్కువైతే అంచు పెచ్చులూడుతుంది, తక్కువైతే మడత పడుతుంది. ఫ్యాక్టరీలో వేడి, సమయం కొలిచి పెడతారు కాబట్టి మొదటి కత్తీ వందో కత్తీ ఒకేలా వస్తాయి. కొట్టే కత్తి కమ్మరి దగ్గర చేయించండి, కోసే కత్తి ఫ్యాక్టరీది కొనండి.

ప్రశ్న: మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ కే-బార్ కత్తి తెస్తానంటున్నాడు. తెమ్మనాలా?
— ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: దాచుకోవడానికైతే ముచ్చటైన వస్తువే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి అమెరికన్ మెరైన్ల చేతుల్లో పేరు తెచ్చుకున్న కత్తి అది. బ్లేడు 7 అంగుళాలు, తోలు బిళ్ళలు పేర్చి చేసిన పిడి, తోలు ఒర. కార్బన్ స్టీలు కాబట్టి మన వానలకు తుప్పు, తోలుకు బూజు తప్పవు. వంటపనికి ఆ పొడవు అడ్డం.

చట్టం సంగతీ చూడండి. 2016 ఆయుధ నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక పనులకు తయారైనవాటిని మినహాయించారు. కే-బార్ ఆ కొలతల లోపలే ఉంటుంది. అంతమాత్రాన నడుముకు కట్టుకొని చౌరస్తాలో తిరిగితే పోలీసులు ఊరుకోరు. మీ బావమరిదికి ఒక మాట చెప్పండి: విమానంలో కత్తిని చేతిసంచిలో పెట్టకూడదు, చెక్-ఇన్ సామానులోనే వేయాలి. వాడుకోవడానికే అయితే దాని బదులు మోరా తెమ్మనండి.

ప్రశ్న: వచ్చే నెల పాకాల వెళ్తున్నాం. అక్కడ వంటకు కొత్త కత్తి పట్టుకెళ్ళొచ్చు కదా?
— డిగ్రీ విద్యార్థులు, వరంగల్

జవాబు: వద్దు. పాకాల చెరువు చుట్టూ ఉన్నది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారమున్న అధికారి గానీ ముందుగా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లంబులు, వలలు, ఉచ్చులు, విషంతో పాటు కత్తుల్నీ పేరుపెట్టి చెప్పారు. ఇంత పొడవు దాటితేనే అన్న షరతు అక్కడ లేదు. కాబట్టి పది సెంటీమీటర్ల మోరా అయినా "ఉల్లిగడ్డ కోయడానికే సార్" అంటే చెల్లదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా మంట రాజేయడాన్నీ 30వ సెక్షన్ నిషేధిస్తుంది. ములుగు వైపు ఏటూరునాగారం అభయారణ్యానికీ ఇదే వర్తిస్తుంది.

కూరలు ఇంట్లోనే తరిగి డబ్బాల్లో పెట్టుకోండి. ఇంకా మంచిది, వండుకొనే వెళ్ళండి. మన చుట్టుపక్కల పేరున్న అడవుల్లో చాలా భాగం అభయారణ్యాలే. అందుకే కత్తి కొనేముందు ఎక్కడ వాడతారో ఆలోచించుకోవాలి. మామిడితోట, పొలం, సొంత ఊరి చెరువు గట్టు అయితే ఏ పేచీ ఉండదు.

ప్రశ్న: మా ఆయన కొన్న మోరా కత్తి మొద్దుబారింది. వీధిలోకి వచ్చే సాన పట్టేవాళ్ళకు ఇవ్వనా?
— ఒక గృహిణి, మట్టెవాడ

జవాబు: ఇవ్వకండి. వాళ్ళ చక్రం కత్తిపీటకు బాగానే ఉంటుంది. కానీ నీళ్ళు లేకుండా తిరిగే చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే పలుచని అంచు వేడెక్కి గట్టిదనం పోతుంది. అంచు నీలంగా మారిందంటే ఆ మేరకు ఉక్కు చెడినట్టే.

హార్డ్‌వేర్ షాపులో ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉండే సానరాయి తెచ్చుకోండి. దాన్ని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టండి. మోరా బ్లేడుకు రెండు పక్కలా వెడల్పాటి ఏటవాలు పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ మొత్తం రాయికి ఆనేలా పెడితే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. అంచు ముందుండేలా నెట్టుతూ రుద్దండి. కాసేపటికి రెండో పక్క అంచు దగ్గర వేలితో అడ్డంగా తడిమితే సన్నని గరుకు తగులుతుంది. అప్పుడు తిప్పి అటువైపు రుద్దండి. తర్వాత నునుపు వైపు మీద కూడా ఇలాగే చేసి, చివర్లో పాత తోలు బెల్టు వెనకవైపు అంచును వెనక్కి లాగుతూ నాలుగుసార్లు తిప్పండి. పండిన టమాటా మీద ఆనించి ఊరికే లాగితే తోలు తెగాలి, నొక్కాల్సి వస్తే ఇంకా పని మిగిలినట్టే.

ప్లాస్టిక్ ఒరను కూడా నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. లోపల ఇసుక మిగిలితే కత్తి దూర్చిన ప్రతిసారీ పదును తగ్గుతుంది.