హాల్ టిక్కెట్టు దీవెనకు తెచ్చే ముందు



ఏటా వేసవి వచ్చేసరికి ఆదివారం పూజ ముగియగానే గుడి మెట్ల దగ్గర హాల్ టిక్కెట్లతో పిల్లలు వరుస కడతారు. "ఫాదర్ గారూ, చెయ్యి పెట్టి ప్రార్థించండి" అని తల్లులు అడుగుతారు. ఒక ఏడు ఓ తండ్రి, "అయిదు వేల లోపు ర్యాంకు రావాలని దీవించండి" అన్నాడు. ఆయన చెప్పులు వేసుకుంటుండగా కొడుకు నా దగ్గరకు వచ్చి మెల్లగా, "ఫాదర్, ఆ ర్యాంకు రాకపోతే ఇంటికి ఎట్లా పోను?" అన్నాడు. ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ర్యాంకు రాలేదు. తండ్రి రెండు వారాలు వాడితో మాట్లాడలేదు. ఆలస్యంగానైనా ఆ జవాబు ఈ వారం రాస్తున్నాను.

ముందుగా, పరీక్ష స్వభావం తెలియాలి. మనం ఎంసెట్ అని పిలిచే పరీక్షకు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అని పేరు. ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. సమయం 3 గంటలు. అంటే ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు మాత్రమే. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. కనుక చూడగానే తెలిసినవి మొదట, లెక్క చేయవలసినవి తరువాత, మిగిలినవి చివరి పది నిమిషాల్లో గుర్తించాలి. ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్ అలా కాదు. 75 ప్రశ్నలకు 3 గంటలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అక్కడ వేగం కంటే నిదానం ముఖ్యం, బొత్తిగా తెలియనిదాన్ని వదిలే ధైర్యం ముఖ్యం.

రెండవది, చదివినది నిలవాలి. పునీత తోమాసు అక్వినాసు గారిని తోటి విద్యార్థులు "మూగ ఎద్దు" అని ఎగతాళి చేశారట. 13వ శతాబ్దపు ఆ తత్వవేత్త వివేకం గురించి రాస్తూ జ్ఞాపకశక్తికి నాలుగు సాధనాలు చెప్పారు. అవి మన పిల్లలకూ పనికివస్తాయి.

1. కొంచెం వింతైన పోలిక: మామూలు విషయం జారిపోతుంది, వింతది అతుక్కుంటుంది. మరచిపోయే సూత్రానికి మీకు నవ్వు తెప్పించే గుర్తు కల్పించుకోండి.

2. వరుసక్రమం: కర్బన రసాయన చర్యలను విడివిడిగా బట్టీ పట్టవద్దు. ఏ పదార్థం నుంచి ఏది వస్తుందో ఒకే కాగితం మీద గొలుసులా రాసుకోండి.

3. శ్రద్ధ: చదివే గదిలో ఫోను ఉండకూడదు. మాదిరి పరీక్ష తరువాత తప్పులకు ఒక నోటుబుక్కు పెట్టండి. విషయం తెలియక పోయిందా, కూడికలో పోయిందా, ప్రశ్న సరిగా చదవక పోయిందా? కారణం ప్రతిదానికీ రాయాలి.

4. మననం: అదే రాత్రి ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, ఆదివారం మరొకసారి, పుస్తకం మూసి గుర్తున్నది రాయండి.

మూడవది తల్లిదండ్రులకు. మార్కు, ర్యాంకు ఒకటి కావు. మార్కు పిల్లవాడు రాసినదానిని బట్టి వస్తుంది. ర్యాంకు ఇతరులు ఎలా రాశారన్నదానిని బట్టి కూడా మారుతుంది. శ్రమ మాత్రమే వాడి చేతిలో ఉంది. చేతిలో లేనిదానికి వాడిని జవాబుదారీ చేయడం న్యాయం కాదు. ఇంజనీరింగుకు ఇది ఒక్కటే ద్వారమూ కాదు. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా రెండవ సంవత్సరంలో చేరుతున్నారు.

మీ వంతు పనులు వేరే ఉన్నాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేయండి. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారని మరువవద్దు. కౌన్సెలింగులో మీకు నిజంగా కావలసిన కాలేజీనే మొదటి ఆప్షనుగా పెట్టండి. అందువల్ల తరువాతి ఆప్షన్లకు నష్టం లేదు. హాస్టలు నుంచి ఫోను వస్తే, "ఎన్ని మార్కులు?" అనే ముందు "తిన్నావా? నిద్రపోయావా?" అని అడగండి. పిల్లవాడు బ్రతకాలని లేదన్నట్టు మాట్లాడితే బెదిరింపు అనుకోవద్దు. వెంటనే వాడి దగ్గరకు వెళ్ళండి. టెలి-మానస్ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇక ఆ అబ్బాయికి నా జవాబు: "ఎప్పుడూ వచ్చే దారినే ఇంటికి పో బాబూ, అది నీ ఇల్లే." కాని ఈ మాట నా నోట కంటే తండ్రి నోట వినడం మేలు. కనుక హాల్ టిక్కెట్టు నా దగ్గరకు తెచ్చే ముందు ఇంట్లో ఒక్క మాట చెప్పి రండి: "ర్యాంకు ఎంత వచ్చినా సరే, అన్నం వేళకు ఇంటికి వచ్చేయ్." తరువాత నేను సంతోషంగా చెయ్యి పెట్టి ప్రార్థిస్తాను.