అద్దెకు హాన్‌బోక్

ప్రశ్న: సియోల్ వెళ్లినప్పుడు కొరియా సంప్రదాయ దుస్తులు అద్దెకు దొరుకుతాయా? – ఒక పాఠకురాలు, చందనవెల్లి

జవాబు: కొరియా సంప్రదాయ దుస్తులను హాన్‌బోక్ అంటారు. స్త్రీలకు జొగొరి అనే పొట్టి పైవస్త్రం, రొమ్ము మీది నుంచి పాదాల దాకా దిగే చిమా అనే నిండు పావడా. పురుషులకు జొగొరి, బాజీ అనే వదులైన పైజామా. 1395లో కట్టిన గ్యొంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదం చుట్టూ అద్దె దుకాణాలు చాలా ఉన్నాయి. గంటల లెక్కనో, రోజు లెక్కనో ఇస్తారు. హాన్‌బోక్ తొడుక్కున్నవారికి ప్రాసాదంలో ప్రవేశం ఉచితం, అయితే పైవస్త్రం, కింది వస్త్రం రెండూ ఉండాలి. జరీ మెరుపులవి ఫొటోలకు బాగుంటాయి గానీ, సాదా రంగుల్లోనే హాన్‌బోక్ అసలు అందం. మంగళవారం సాధారణంగా ప్రాసాదానికి సెలవు. జడ అలంకరణ అద్దెలో కలిసిందో లేదో, ఆలస్యమైనా మరక పడినా ఎంత కట్టాలో ముందే అడగాలి.