బటన్ సెల్

గడియారాలలో, చిన్న కాటాలలో అమర్చే బటన్ సెల్ స్వభావాన్ని దానిపై ముద్రించిన సంకేతమే తెలుపుతుంది. సీఆర్ 2032 లిథియం సెల్. వ్యాసం 20 మి.మీ., మందం 3.2 మి.మీ., వోల్టేజి 3. సీఆర్ 2025 వోల్టేజిలో దానికి సమానమే అయినా, మందం 2.5 మి.మీ. కనుక దాని స్థానంలో వదులవుతుంది. ఎల్‌ఆర్ 44 (1.5 వోల్టులు), ఎస్‌ఆర్ 44 (1.55 వోల్టులు) ఒకే కొలత గలవి, సాధారణంగా ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చు.

సున్నపు బట్టీల ఊరైన పిడుగురాళ్లలో క్షారం దేహాన్ని కాల్చుతుందని వేరుగా చెప్పనక్కరలేదు. పసివారు మింగిన సెల్ అన్నవాహికలో చిక్కుకుంటే, తడిలో విద్యుత్తు ప్రవహించి అట్టి క్షారమే పుడుతుంది. రెండు గంటలలోనే తీవ్రమైన గాయమవుతుంది. గడియారాన్ని నడపలేని సెల్‌లోనూ ఆ శక్తి మిగిలి ఉంటుంది. కావున తీసివేసిన సెల్‌ను పిల్లలకు అందనీయరాదు; మింగినచో తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.