వైరస్ పోయింది... నీరసం పోలేదెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని బవేరియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వయసు 29. నిరుడు జూన్‌లో స్నేహితులతో అడవిలో నడకకు వెళ్లొచ్చాక జ్వరం వచ్చి తగ్గింది. వారం బాగానే ఉన్నాడు. మళ్లీ తీవ్రమైన జ్వరం, తలనొప్పి, మాట తడబాటు. పురుగు కుట్టి మెదడువాపు వచ్చిందన్నారు. తొమ్మిది నెలలు దాటినా సాయంత్రానికి సోలిపోతున్నాడు. మతిమరుపు, ఊరికే కోపం. ఎంఆర్ఐ నార్మల్. వైరస్ ఇంకా ఉందా? ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువా? ఇంటికి తెచ్చేసుకోమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: జ్వరం, మధ్యలో తెరిపి, మళ్లీ జ్వరం... ఈ వరుసే టిక్‌బార్న్ ఎన్‌సెఫలైటిస్‌కు పెద్ద ఆనవాలు అమ్మా. మన పశువులను పట్టే గోమార్ల జాతి పురుగులే అక్కడి గడ్డిలో, పొదల్లో ఉండి మనుషులకు అంటుకుంటాయి. వైరస్‌ది డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ల కుటుంబం. 1957లో కర్ణాటకలో బయటపడ్డ క్యాసనూరు అడవి జ్వరం దీనికి మరీ దగ్గరి చుట్టం.

మొదటి జ్వరంలో వైరస్ రక్తంలో తిరుగుతుంది. రెండోసారి రోగి ఆసుపత్రికి చేరేసరికి రక్తంలో అది చాలావరకు కనిపించదు, యాంటీబాడీలు మాత్రం తయారై ఉంటాయి. అందుకే డాక్టర్లు ఐజీఎం, ఐజీజీ పరీక్షలతో జబ్బును నిర్ధారిస్తారు. అప్పటికే మెదడులోకి చేరిన వైరస్ కొన్ని నాడీకణాలను దెబ్బతీస్తుంది. దాన్ని తుడిచిపెట్టడానికి వచ్చిన టీ కణాలు, వాటితో పుట్టే వాపు మరికొంత నష్టం చేస్తాయి. అంటే మీవాడి రోగనిరోధక శక్తి గట్టిగానే పోరాడింది. ఇప్పుడు మిగిలింది ఆ పోరు చేసిన గాయం. కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతాయంటూ అమ్మే పొడులు, కషాయాలు దయచేసి పంపకండి. మామూలుగా ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గాక మళ్లీ రాదు.

యూరప్‌లో కనిపించే రకంతో చనిపోయేవారు నూటికి ఒకరిద్దరే. కానీ మెదడు దాకా వెళ్లినవారిలో మూడోవంతుకు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ మందికి నెలలు, ఏళ్ల తరబడి బాధలుంటాయి: విపరీతమైన అలసట, ఏకాగ్రత లేకపోవడం, మరపు, తలనొప్పి, తూలు, చిరాకు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు కూడా చాలామందికి ఎంఆర్ఐ మామూలుగానే వస్తుంది. ‘రిపోర్టు బాగుంది కదా, ఇంకా ఏమిటీ బద్ధకం’ అని ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆ మాట మీవాణ్ని జబ్బు కంటే ఎక్కువ కుంగదీస్తుంది.

వైరస్‌ను చంపే మందు లేదు. స్టెరాయిడ్లతో మేలు జరుగుతుందని రుజువు కాలేదు. చేయాల్సింది పునరావాస చికిత్స: జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల పరీక్షలు, వాటిని బట్టి సాధన, క్రమంగా పెంచే వ్యాయామం, సరైన నిద్ర. మనసు దిగులుగా ఉంటే దానికీ వైద్యం కావాలి. సెలవు మీద ఉన్నవారు రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి మెల్లగా పూర్తి ఉద్యోగంలోకి వెళ్లే ఏర్పాటు జర్మనీలో ఉంది, డాక్టర్‌ను అడగమనండి. ఇక్కడికి తేవడం కంటే, వీలైతే మీరే కొన్నాళ్లు అక్కడికి వెళ్లండి. జబ్బు మొదటినుంచి చూసిన న్యూరాలజిస్టు దగ్గరే ఉండటం మంచిది. ఇంకో మాట. మీరు రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం, అతని మెదడు పూర్తిగా అలసిన వేళ. ఆదివారం మన మధ్యాహ్నం చేసి చూడండి, గొంతులో తేడా మీకే తెలుస్తుంది. వయసు చిన్నది కాబట్టి కోలుకునే అవకాశం బాగా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్‌కు దక్షిణ జర్మనీ వెళ్తోంది. చిన్నప్పుడు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా వేయించాం. చాలదా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చాలదు. పైగా ఆ టీకాతో వచ్చిన యాంటీబాడీలు తర్వాత రక్తపరీక్షలను గందరగోళపరచవచ్చు, కాబట్టి అక్కడి డాక్టర్‌కు చెప్పమనండి. ఈ జబ్బుకు వేరే టీకా ఉంది. మూడు డోసులు, తర్వాత బూస్టర్లు. ఆస్ట్రియాలో 1981 నుంచి జనానికి పెద్ద ఎత్తున వేశాక కేసులు బాగా పడిపోయాయి. పురుగును వెంటనే పీకేస్తే చాలనుకోవద్దు. ఈ వైరస్ దాని లాలాజలంతో కుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఒంట్లోకి చేరగలదు. అడవికి వెళ్తే నిండుగా బట్టలు వేసుకుని, వచ్చాక చంకలు, మోకాళ్ల వెనుక, జుట్టులో వెతుక్కోవాలి. కాచని మేకపాలు ఎవరిచ్చినా తాగొద్దని చెప్పండి, వాటితోనూ ఇది సోకుతుంది.