పాత డీజిల్ ట్రాక్టరు స్టార్టు కాకపోతే

బస్తర్‌లో తొలకరి పడి నేల మెత్తబడిన రోజున పాత ట్రాక్టరు మొరాయిస్తే వరి విత్తే అదను తప్పుతుంది. కోంటా వైపు పల్లెలో ఉన్న రైతు జగదల్‌పూర్ నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగలేడు.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులో బాగా నొక్కుకుపోయిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ మండుతుంది.

గేరు న్యూట్రల్‌లో ఉంచి సెల్ఫ్ కొట్టండి. ఇంజను నీరసంగా తిరిగితే బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లని పొడిని తుడిచి బిగించండి. బాగా తిరిగినా అందుకోకపోతే సైలెన్సరు చూడండి. పొగ లేదంటే డీజిల్ అందడం లేదన్నమాట. స్టాప్ నాబ్ బయటకు లాగి ఉందేమో ముందు గమనించండి. (నవ్వకండి, దీనికే పంపు విప్పించుకున్నవారున్నారు.)

ట్యాంకు ఎండిపోయాక డీజిల్ పోస్తే గొట్టాల్లో గాలి పడుతుంది. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీటను కొడుతూ ఉండండి. మొదట నురగ వస్తుంది. బుడగలు ఆగి డీజిల్ ధార కట్టాక, మీట ఆపకుండానే స్క్రూ బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేయండి. ఇంజెక్టరు ధారకు చెయ్యి అడ్డుపెట్టవద్దు; అది చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్లని పొగ వస్తే డీజిల్ అందుతోంది, మండడం లేదు. డిసెంబరు చలిలో ఇది మామూలే. మండుటెండలో కూడా అంతే అయితే రింగులో వాల్వులో అరిగి ఉండవచ్చు. అది మెకానిక్ పని.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: నిన్న ట్యాంకు ఎండింది. నేడు డీజిల్ పోశారు. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, పొగ లేదు. మీరు మొదట ఏ స్క్రూ వదులు చేస్తారు? ఎందుకు?