సూక్ష్మాయస్కాంత రేణువులు – త్రాగునీటి శుద్ధి

సోదర రైతులారా, ఏటి యిసుకలో అయస్కాంతపు ముక్కను త్రిప్పినచో నల్లని రేణువులు దానికి మీసములవలె అంటుకొనుట బాల్యమునందే చూచియుందురు. ఆ ఖనిజమునకు మాగ్నటైటని పేరు. ఇనుమును, ప్రాణవాయువును చేరి యిది యేర్పడినది. దీనినే మిక్కిలి సూక్ష్మముగా చేసినచో నీటిలోని విషమును పట్టుకొను శక్తి హెచ్చును.

1. అవసరము: వంగదేశమున 1970 తరువాత, చెరువునీటివలని అతిసారాది రోగములు తప్పించుటకై గొట్టపుబావులు విస్తారముగా వేసిరి. ఆ నీటిలో ఆర్సెనిక్ అను పాషాణము గలదని పశ్చిమ వంగమున 1983లోను, బంగ్లాదేశమున 1993లోను తేలినది. దానికి రంగు, రుచి, వాసన లేవు. ఏండ్లతరబడి త్రాగినవారికి చర్మమున మచ్చలు, అరచేతుల కాయలు, కొందరికి క్యాన్సరు కలుగును. పారించిన నీటినుండి వరిగింజలోనికిని చేరును. త్రాగునీట లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన.

2. చేయు విధము: మనము చీనీతోటలకు పిచికారీ చేయు అన్నభేదియు, ఫెర్రిక్ క్లోరైడును నీట కరగించి, మొదటిదాని అణువొకటికి రెండవదానివి రెండు చొప్పున కలిపి, గాలి తగులనీయక కలియబెట్టుచు అమోనియా ద్రావకమును పోయుదురు. వెంటనే నల్లని మడ్డి యేర్పడును. గాలి తగిలినచో త్రుప్పువలె ఎఱ్ఱబాఱి చెడును. పాత్రక్రింద అయస్కాంతముంచి, మడ్డిని నిలిపి, పైనీటిని వంచి పలుమార్లు కడుగుదురు. ఇది ప్రయోగశాలలో చేయవలసిన పని, ఇంట చేయరాదు.

3. పరీక్ష: ఎక్స్-కిరణములచే అది మాగ్నటైటగునో కాదో తేల్చుదురు, ఆ రేఖలెంత వెడల్పైన రేణువులంత చిన్నవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిచే ఆకారమును కొలుతురు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. 10 నానోమీటర్ల రేణువులు ఒక గ్రామున్నచో వాని ఉపరితలమంతయు సుమారు 100 చదరపు మీటర్లు, అనగా రెండున్నర సెంట్ల నేల! పాషాణమంటుకొనునది ఉపరితలముననే కదా. మఱియు నింత చిన్న రేణువులు అయస్కాంతమును తీసినంతనే అయస్కాంతత్వమును విడిచి, మరల నీట కలియును.

4. ఫలితము: అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 12 నానోమీటర్ల రేణువులతో నీటిలోని ఆర్సెనిక్‌ను పట్టించి, సామాన్యమగు అయస్కాంతముతోనే వానిని వేఱుచేయవచ్చునని 2006లో ప్రకటించిరి. రేణువులు నీటితో కొట్టుకొనిపోకుండ ఇసుకకో, బొగ్గుకో, బంకమన్నుకో అంటించి మిశ్రమములనుకూడ చేయుచున్నారు.

5. హెచ్చరిక: విషమును పట్టిన మడ్డి విషమే. దానిని చేనిలోగాని, కాలువలోగాని పోయరాదు. ఒక నీటికి తగిన మందు వేఱొక నీటికి తగదు. మన నల్లగొండ ప్రాంతపు బాధ ఫ్లోరైడు; దానికి పటికయు సున్నమును వాడు నల్లగొండ పద్ధతి వేఱు. కావున "నానో" యను పేరు చూచి యే యంత్రమును కొనకుడు. ముందుగా నూతినీటిని పరీక్ష చేయించుడు. యంత్రమును బిగించిన పిదప శుద్ధియైన నీటినిగూడ పరీక్షింపించుడు. ఒక్కరికి భారమైన రుసుమును సంఘము పదుగురిపై పంచుకొనిన తేలికయగును.

సంఘసమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు: మన గ్రామమున నెన్ని నూతుల నీరు పరీక్షింపబడినది? ఎప్పుడు? ఆ ఫలితములు ఎవరియొద్ద నున్నవి?